17 అంగుళాల ప్రొపెల్లర్, 43 హార్స్‌పవర్: మా నారోబోట్‌కి ఇంజన్ మార్చిన కథ

కిందటి నవంబర్‌లో మెకానిక్, మా పడవ ఇంజన్ సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజీ నా చేతికే ఇచ్చి చూడమన్నాడు. నాలుగు సిలిండర్లలో రెండు పర్వాలేదు, మూడోది నీరసంగా ఉంది, నాలుగోది దాదాపు చేతులెత్తేసింది. అప్పటికే రెండు నెలలుగా స్టార్ట్ చేసినప్పుడల్లా నీలం పొగ, లాకు లాకుకీ ఆయిలు చూసుకోవడం. 1.8 లీటర్ల బీఎంసీ డీజిల్ ఇంజన్ అది. ఒకప్పుడు వ్యాన్లలో వాడిన రకం. పార్టులు ఇప్పటికీ దొరుకుతాయి. విప్పి బోరు చేసి మళ్లీ బిగించడానికి 4,200 పౌండ్లు అవుతుందన్నాడు. గేర్‌బాక్స్ కూడా కారుతోంది, దానికి వేరే లెక్క. ఇంటికెళ్లి మా ఆవిడా నేనూ కూర్చుని, పాతదానికి అంత పెట్టే బదులు కొత్తదే వేయిద్దాం అనుకున్నాం. ఎంత అవుతుందో అప్పటికి తెలీదు కాబట్టి తేలిగ్గానే అనేసుకున్నాం.

మేముండేది ఇంగ్లండ్‌లో, మిల్టన్ కీన్స్‌లో. తెలుగువాళ్లకి ఇక్కడ కొదవ లేదు గానీ వీకెండ్ వస్తే గ్రాండ్ యూనియన్ కెనాల్ మీద పడవ తోలేవాళ్లు మాకింకా తగల్లేదు. పడవ 1989 నాటిది, 57 అడుగుల స్టీలు నారోబోట్ (ఇక్కడి ఇరుకు కాలువల కోసం కట్టే సన్నటి, పొడవాటి పడవ), 16 టన్నుల పైమాటే. ఇంజన్ మార్చే పని ఎవరైనా తలపెడితే పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు అందరూ మాట్లాడేది హార్స్‌పవర్ గురించే. మెరీనాలో మా పక్క పడవాయన 55 హార్స్‌పవర్ వేయించుకోమన్నాడు, తరవాత బాధపడే కంటే ముందే పెద్దది నయం అని. ఆ పక్కాయన 30 చాలన్నాడు. నేను కేటలాగులు ముందేసుకుని ఎక్సెల్ షీటు కూడా తయారుచేశాను (సాఫ్ట్‌వేర్ వాణ్ణి, చేతులు ఊరుకోవు). డిసెంబర్ మొదటి వారంలో నార్తాంప్టన్ వైపు ఒక యార్డుకి వెళ్తే అక్కడి పెద్దాయన ఆ షీటు వైపు చూడనైనా చూడలేదు. పొడవెంత, బరువెంత, నదుల్లోకి వెళ్తారా, ప్రొపెల్లర్ పైనున్న రేకుకీ ప్రొపెల్లర్‌ని తిప్పే షాఫ్టుకీ మధ్య ఖాళీ ఎంత, ఇవే అడిగాడు. ఆఖరిదానికి నా దగ్గర జవాబు లేదు. "అది కొలిచి తీసుకురా, అప్పుడు ఇంజన్ గురించి మాట్లాడదాం" అన్నాడు.

పడవ నీళ్లలో ఉండగా ఆ ఖాళీ కొలవడానికి వీడ్ హ్యాచ్ ఒక్కటే దారి. వెనక డెక్కు కింద, ప్రొపెల్లర్‌కి సరిగ్గా పైన ఉండే పెట్టె అది. మూత మరలు విప్పి, రేకు లాగి, లోపలికి చెయ్యి పెడితే ప్రొపెల్లర్ తగులుతుంది. ఇంజన్ తాళంచెవి జేబులో వేసుకోకుండా ఎవరూ చెయ్యి పెట్టరు. మామూలుగా చుట్టుకున్న చెత్త తియ్యడానికి వాడతాం. ఆ ముందు వేసవిలో లండన్‌లో మనవాళ్లు ఎక్కువగా ఉండే సౌతాల్ దగ్గర, కొబ్బరికాయలు తేలుతున్న నీళ్లలో ఇంజన్ టప్పున ఆగిపోతే ఇదే హ్యాచ్‌లోంచి అయిదున్నర గజాల చీర కోసి కోసి తీశాను. మా ఆవిడ అంచు చూసి "పాపం, బాగానే పెట్టి కొన్నారు" అంది.

డిసెంబర్ చలిలో ఆ పని వేరే అనుభవం. బోర్లా పడుకుని భుజం దాకా నీళ్లలో పెట్టాను. స్టీలు టేపు వేళ్లకి తెలుస్తోందో లేదో కూడా తెలీని చలి. షాఫ్టు మధ్య నుంచి పైనున్న రేకు (అక్స్‌టర్ ప్లేటు అంటారు) దాకా 11 అంగుళాలు వచ్చింది. నమ్మకం కుదరక చెయ్యి తీసి, తుడుచుకుని, మళ్లీ కొలిచాను. అంతే వచ్చింది. పాత ప్రొపెల్లర్ బాస్ (రెక్కల మధ్యనుండే దిమ్మ) మీద ఏముందో చూడాలి కదా. నాచు వైర్ బ్రష్షుతో గీకి, ఫోను ప్లాస్టిక్ సంచిలో పెట్టి గుడ్డిగా ఫొటోలు తీస్తే ఒకదాంట్లో కనబడింది: 16, 10, పక్కన ఆర్. అంటే వ్యాసం 16 అంగుళాలు, పిచ్ (అదేమిటో తరవాత చెబుతాను) 10 అంగుళాలు, వెనక నుంచి చూస్తే ముందుకు వెళ్లేటప్పుడు గడియారం ముల్లులా కుడివైపు తిరిగే రకం. ఆ ఆర్ అక్షరం చూసుకోవడం ముఖ్యం. కొత్త గేర్‌బాక్స్ ఎటు తిప్పుతుందో దానికి తగ్గ ప్రొపెల్లర్ లేకపోతే ముందు గేరు వేస్తే పడవ వెనక్కి పోతుంది.

ఆ 11 అంగుళాలతో చాలా ప్రశ్నలు తెగిపోయాయి. రెక్క కొసకీ పై రేకుకీ మధ్య వ్యాసంలో దాదాపు 15 శాతం ఖాళీ ఉండాలని పెద్దాయన లెక్క. అంతకంటే దగ్గరైతే రెక్క తిరిగినప్పుడల్లా నీళ్లు రేకుని కొట్టి పడవంతా దడదడలాడుతుంది. 18 అంగుళాలది పెడితే సగం 9, మిగిలేది 2 అంగుళాలు, అంటే 11 శాతం. 17 పెడితే మిగిలేది రెండున్నర, దాదాపు 15 శాతం. 17 దాటే దారి లేదు. ఇంజన్ ఎంత పెద్దదైనా దాని బలమంతా ఆ 17 అంగుళాల వృత్తంలోంచే నీళ్లలోకి పోవాలి. పక్క పడవాయన చెప్పిన 55 ఆ రోజే పక్కన పెట్టేశాం.

మరి తక్కువ ఎంత? నా ఎక్సెల్ షీటు చివరికి ఇక్కడ అక్కరకొచ్చింది. ప్రొపెల్లర్ తీసుకునే శక్తి దాని వేగం ఘనంతో పెరుగుతుంది. వేగం సగమైతే శక్తి ఎనిమిదో వంతే. ఇంజన్ పూర్తి వేగంలో, అంటే 2,800 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర 43 హార్స్‌పవర్ పీల్చే ప్రొపెల్లర్, ఇంజన్ 1,300 దగ్గర నాలుగుకి కొంచెం పైన మాత్రమే పీలుస్తుంది. కెనాల్‌లో వేగం హద్దు గంటకి 4 మైళ్లు, నిజంగా పోయేది 3. దానికి ఆ నాలుగు హార్స్‌పవర్ సరిపోతాయి. నాన్నకి ఫోన్లో ఈ లెక్క చెబితే కాసేపు ఏమీ అనలేదు. మాది ఆత్రేయపురం వైపు, ఆయన లొల్ల లాకుల దగ్గర పడవలు చూస్తూ పెరిగిన మనిషి. "ఒరేయ్, గంటకి మూడు మైళ్లు పోవడానికి ఇన్ని లక్షలా? గెడ కర్రతో మావాళ్లు అంతకంటే ముందే వెళ్లేవాళ్లు కదరా" అన్నాడు. నేనేమీ అనలేకపోయాను.

నాలుగు చాలినప్పుడు 43 ఎందుకంటే మాకు లండన్‌లో థేమ్స్ మీద పోటు ఉన్న భాగంలోకి, లైమ్‌హౌస్ నుంచి బ్రెంట్‌ఫర్డ్ దాకా వెళ్లాలని కోరిక. అక్కడ పోటూ పాటూ మన మాట వినవు, ఎదురు తిరిగితే గంటల తరబడి బలం కావాలి. ఇంకొకటి, నేను ముందు ఊహించనిది: ఆల్టర్నేటర్, అంటే ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది. ఫ్రిజ్, లైట్లు, లాప్‌టాప్‌ల కోసం ఉండే బ్యాటరీలని నింపేటప్పుడు వంద ఆంపియర్లు లాగిందంటే బెల్టు, నష్టాలు అన్నీ కలిపి ఇంజన్ మీద మూడు హార్స్‌పవర్ దాకా పడుతుంది. అంటే పొద్దున పూట పడవని తోసేదానికీ బ్యాటరీలు నింపేదానికీ దాదాపు ఒకటే ఖర్చు. 30కీ 43కీ మధ్య ఊగి, చివరికి 43 అన్నాం. అంతకంటే పెద్దది తీసుకుని ఎప్పుడూ పదో వంతు బలంతోనే నడిపితే డీజిల్ ఇంజన్ సిలిండర్ గోడలు నున్నగా గాజులా అయిపోయి ఆయిలు తాగడం మొదలెడతాయని పెద్దాయన హెచ్చరించాడు. 55 వద్దనడానికి అదీ ఒక కారణం.

తీసుకున్నది బీటా 43. జపాన్ కుబోటా బ్లాకుని ఇక్కడ గ్లాస్టర్‌షైర్‌లో పడవలకి తగ్గట్టు మారుస్తారు. దానికి పీఆర్ఎం 150 హైడ్రాలిక్ గేర్‌బాక్స్, దాదాపు 2:1 రిడక్షన్, అంటే ఇంజన్ రెండు చుట్లు తిరిగితే షాఫ్టు ఒకటి తిరుగుతుంది. ఆర్డరు ఫారంలో ఇంజన్ దిమ్మెల మధ్య దూరం, షాఫ్టు ఎత్తు, అన్నీ మిల్లీమీటర్లలో అడిగారు, మా పడవకి తగ్గ కాళ్లు వాళ్లే తయారుచేసి పంపుతారట. జనవరి రెండో వారంలో మూడో వంతు డబ్బు కట్టాం. ఎనిమిది వారాలన్నారు.

ఎనిమిది వారాలంటే మార్చి అనుకుని డ్రై డాక్ (నీళ్లు తీసేసి పడవ అడుగున పని చేసుకునే చోటు) మార్చి మధ్యలో బుక్ చేశాం. ఇంజన్ ఏప్రిల్ మొదటి వారంలో వచ్చింది. ఈ లోపు డాక్ తేదీ పోయింది, కట్టిన అడ్వాన్సులో సగం పోయింది, మళ్లీ ఖాళీ దొరికింది ఏప్రిల్ 28న. ఆ మధ్య వారాల్లో ఇంజన్ యార్డులో పాలిథీన్ కప్పుకుని ఉంది. వీకెండ్‌లో వెళ్లి చూసి వచ్చేవాణ్ణి, చేసేదేమీ లేకపోయినా. మా ఆవిడ "కొత్త అల్లుడిని చూడ్డానికి వెళ్తున్నారా?" అనేది. డాక్ తేదీ ఇంజన్ యార్డుకి చేరాక తీసుకోవడమే మేలు. ఎదురుచూపు ఎలాగూ తప్పదు, డబ్బన్నా మిగులుతుంది.

ఖాళీగా కూర్చున్న ఆ రోజుల్లోనే పిచ్ గురించి గొడవ. వ్యాసం 17 అని తేలింది గానీ పిచ్ 11 పెట్టాలా, 12 పెట్టాలా? ప్రొపెల్లర్లు చేసే కొట్టువాళ్లు మా కొలతలన్నీ కంప్యూటర్‌లో వేసి 17 బై 12 అన్నారు. యార్డు పెద్దాయన 17 బై 11 అన్నాడు. పిచ్ అంటే ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరిగితే, నీళ్లు గట్టిగా ఉంటే, ఎంత ముందుకి పోవాలో అది. 12 అంగుళాల పిచ్‌తో ఇంజన్ 1,300 మీద ఉంటే షాఫ్టు 650 తిరుగుతుంది, నిమిషానికి 650 అడుగులు, గంటకి 7 మైళ్లు దాటాలి. పడవ పోయేది 3. మిగతాదంతా జారుడే, బరువైన పడవ, లోతు లేని నీళ్లు కాబట్టి. అందుకే కాగితం మీద లెక్క కొంతవరకే. పిచ్ ఎక్కువైతే ఇంజన్ తన పూర్తి ఆర్‌పీఎం అందుకోలేక నల్ల పొగ వదుల్తుంది. తక్కువైతే ఇంజన్ గొంతు చించుకుంటుంది, పడవ కదలదు. పాత 16 బై 10తో మాకు అలాగే ఉండేది: ఆపాలంటే వెనక గేరు వేసి, చప్పుడు విని, దేవుడికి దణ్ణం పెట్టుకోవాలి.

మేం 12కే మొగ్గాం. కారణం చెబుతాను. ఆర్‌పీఎం తక్కువలో పడవ పోతే చప్పుడు తక్కువ, మాకు కావలసింది అది. పైగా కొట్టువాళ్లు, తేడా వస్తే రెక్కల్ని వేడి చేసి ఒక అంగుళం పిచ్ తగ్గించి ఇస్తామన్నారు, 160 పౌండ్లకి. కొత్త ప్రొపెల్లర్ 480. కాకపోతే దాన్ని విప్పాలంటే పడవ మళ్లీ నీళ్లలోంచి బయటికి రావాలి, అసలు ఖర్చు అక్కడుంది.

డాక్‌లో నీళ్లు పోయి పడవ దిమ్మెల మీద కూర్చున్నాక మొదటిసారి దాని పొట్ట పూర్తిగా చూశాం. పాత ప్రొపెల్లర్ ఒక రెక్క కొసన సగం అంగుళం లేదు. దాన్ని టేపర్ (షాఫ్టు సన్నబడే కొస) మీద నుంచి ఊడదీయడానికి పుల్లర్ బిగించి, గ్యాస్ మంటతో కాల్చి, సుత్తితో కొట్టి ఒక పూట పట్టింది. ఊడినప్పుడు తుపాకి పేలినట్టు చప్పుడయింది, పెద్దాయన నిబ్బరంగా టీ తాగుతూనే ఉన్నాడు.

అసలు దెబ్బ స్కిన్ ట్యాంకు దగ్గర తగిలింది. ఈ పడవల్లో ఇంజన్‌కి రేడియేటర్ ఉండదు. అడుగు భాగాన, లోపలివైపు రేకుకి ఆనించి ఒక పల్చటి ట్యాంకు వెల్డ్ చేసి ఉంటుంది. ఇంజన్ నీళ్లు అందులో తిరిగి, బయటి కెనాల్ నీటికి వేడి ఇచ్చేసి వస్తాయి. నాలుగు హార్స్‌పవర్‌కి ఒక చదరపు అడుగు చొప్పున ఉండాలని అందరూ పాటించే లెక్క. 43కి దాదాపు 11 చదరపు అడుగులు. మా పాతది కొలిస్తే 7. కెనాల్‌లో నింపాదిగా పోతే దాంతోనే గడిచిపోతుంది, నదిలో ఎదురీదుతూ గంటసేపు లాగితే మాత్రం సలసలా మరుగుతుంది. ఇంకోవైపు రెండో ట్యాంకు వెయ్యక తప్పదు. 950 పౌండ్లు. ఇది ముందు ఏ కొటేషన్‌లోనూ లేదు, ఎందుకంటే పాత ఇంజన్ పైకి లేపితే గానీ ట్యాంకు మొత్తం కనబడదు.

పని వరస కూడా అప్పుడే తెలిసింది. లోపల వెల్డింగ్ చేస్తే బయట రేకు మీద తారు మాడిపోతుంది. కాబట్టి ముందు ఇంజన్ బయటికి, తరవాత వెల్డింగ్, ఆ తరవాతే బయట నల్ల తారు పూత. పూత వేసేవాళ్లు వేరే, వాళ్లు ముందే వచ్చి బకెట్లు పట్టుకుని నిలబడ్డారు. వాళ్లని రెండు రోజులు ఆపడానికి నేను నోటికొచ్చిన తెలుగు తిట్లన్నీ మనసులో తిట్టుకుంటూ నవ్వు మొహంతో టీలు సప్లై చేశాను.

ఇంకో చిన్న సంగతి. కొత్త గేర్‌బాక్స్ పాతదానికంటే పొట్టిది. పాత షాఫ్టు నాలుగు అంగుళాలు తక్కువ పడింది. కొత్త ఒకటిన్నర అంగుళాల స్టెయిన్‌లెస్ షాఫ్టు, దాన్ని గేర్‌బాక్స్‌కి కలిపే కప్లింగ్, కొత్త ప్యాకింగ్, అన్నీ కలిపి 620. దాన్ని లేతు మీద చేయించి తేవడానికి నాలుగు రోజులు ఆగాం. ఆ నాలుగు రోజులకీ డాక్ అద్దె నడుస్తూనే ఉంటుంది, వర్షం పడితే పూతకి ఆగినట్టే.

మే 9న నీళ్లు వదిలారు. పని అయిపోయిందనుకుని నేను పార్టీ మూడ్‌లో ఉంటే, అలైన్‌మెంట్, అంటే ఇంజన్‌నీ షాఫ్టునీ ఒకే వరసలోకి తేవడం, ఇప్పుడు మొదలుపెడతానన్నాడు పెద్దాయన. దిమ్మెల మీద ఉన్నప్పటి పొట్ట వేరు, నీళ్లలో తేలేటప్పటి పొట్ట వేరు, స్టీలు కొంచెం వంగుతుందట. కప్లింగ్ రెండు ముఖాల మధ్య ఫీలర్ గేజీ (సన్నటి ఖాళీలు కొలిచే పల్చటి రేకులు) దూర్చి, నాలుగు వైపులా ఒకే మందం వచ్చేదాకా కాళ్ల నట్లు పావు చుట్టు పైకీ కిందకీ తిప్పుతూ కూర్చున్నాడు. నేను టార్చి పట్టుకున్నాను. మధ్యాహ్నం భోజనం టైము దాటిపోయింది.

ట్రయల్ కెనాల్‌లో చేసి ఏమీ తేల్చుకోవద్దని ముందే చెప్పాడు. నిజమే. లోతు లేని చోట యాక్సిలరేటర్ పెంచితే వెనక భాగం కిందకి కుంగి, గట్టు వెంట అల విరుగుతుంది, వేగం మాత్రం పెరగదు. అక్కడ ఇంజన్ ఏ ఆర్‌పీఎం చూపించినా అబద్ధమే. మే చివరి బ్యాంక్ హాలిడేకి గేటన్ జంక్షన్ నుంచి నార్తాంప్టన్ ఆర్మ్ దిగి, 17 లాకులు దాటి, నెన్ నదిలోకి వెళ్లాం. ఆ నదిని చూసేది ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ అనే వేరే సంస్థ, కెనాల్ లైసెన్సు చెల్లదు, విజిటర్ పర్మిట్ వేరే తీసుకోవాలి. లాకుల దగ్గర మా ఆవిడ గేట్లు తోస్తుంటే నేను పడవ తోలాను, సగం దూరంలో "ఏమండీ, ఇప్పుడు మీరు తొయ్యండి, నేను తోలతా" అంది. న్యాయమే.

ఎవరి పడవలూ కట్టి లేని వెడల్పాటి, తిన్నని చోటు చూసుకుని హ్యాండిల్ పూర్తిగా ముందుకి తోశాం. 2,000 దాటింది. 2,400. నా గుండె పైకీ కిందకీ అవుతోంది, 2,400 దగ్గర ఆగిపోతే 12 ఎక్కువైనట్టు, మళ్లీ డాక్, మళ్లీ అద్దె. 2,500. ముల్లు 2,650 దగ్గర నిలబడింది. వెనక్కి తిరిగి పొగ చూశాను, లేత బూడిద రంగు, అంతే. 2,800లో 95 శాతం దాకా వచ్చినట్టు. ఫోన్ చేస్తే పెద్దాయన "ముట్టుకోకు, అలాగే ఉంచు" అన్నాడు. 11 పిచ్ అన్న సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. వేడి 85 డిగ్రీల దగ్గర కదలకుండా నిలబడింది, 950 పౌండ్ల బాధ అక్కడ సగం తగ్గింది. వెనక గేరు వేస్తే పడవ దాదాపు తన పొడవులోనే ఆగింది.

ఒక్క ఇబ్బంది మిగిలింది. ఐడిల్‌లో గేరు వేస్తే చాలు, పడవ ఇదివరకటి కంటే జోరుగా పోతోంది. కట్టేసి ఉన్న పడవల పక్క నుంచి వెళ్లేటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తగ్గించినా, లోపల కాఫీ ఒలికినవాళ్లు కిటికీ తీసి "స్లో డౌన్!" అని అరుస్తున్నారు. వరసగా పడవలున్న చోట గేరు తీసి, మళ్లీ వేసి, మళ్లీ తీసి పోవాలి. పిచ్ 11 అయితే ఇది కొంచెం తక్కువుండేదని పెద్దాయన తరవాత నింపాదిగా చెప్పాడు.

ఖర్చు మొత్తం అడిగేవాళ్ల కోసం: ఇంజన్, గేర్‌బాక్స్, ప్యానెల్ వ్యాట్‌తో 10,400 పౌండ్లు. తీసి బిగించిన కూలి 3,600. స్కిన్ ట్యాంకు, ప్రొపెల్లర్, షాఫ్టు పైన చెప్పాను. పొగగొట్టం, సైలెన్సర్ 410, డాకూ పూతా కలిపి 1,150, ఇంజన్ లారీకి 180. అన్నీ కలిపితే 17,790. పోయిన అడ్వాన్సు ఇందులో కలపలేదు. పాత బీఎంసీని పార్టుల కోసం ఒకాయన 250 ఇచ్చి పట్టుకెళ్లాడు.

50 గంటలకి మొదటి సర్వీసు చెయ్యాలి, జులైలో అయింది: ఆయిలు, ఫిల్టర్లు, వాల్వు క్లియరెన్సులు, బెల్టు బిగింపు, అలైన్‌మెంట్ మళ్లీ ఒకసారి. కాళ్ల కింద రబ్బరు కొంచెం కుదురుకుంటుంది కాబట్టి అది తప్పనిసరి అన్నాడు, నిజంగానే ఒక మూల సవరించాల్సి వచ్చింది. డీజిలు పుల్ల ముంచి కొలుస్తున్నాను, కెనాల్ మీద గంటకి లీటరూ పావు దగ్గర ఉంది. థేమ్స్ పోటు ప్రయాణానికి సెప్టెంబర్‌లో లైమ్‌హౌస్ లాకు బుక్ చేశాం. లంగరు, వీహెచ్‌ఎఫ్ రేడియో ఇంకా కొనాలి.